అందరూ కట్టిన చీర

1954 మార్చి 9, మంగళవారం

సున్నం దిబ్బ మీదుగా రోడ్డు పోతుందట. స్టేషను నుండి పత్తి మార్కెట్టుకు అడ్డదారి. వానలు పడేలోగా ఇళ్లన్నీ తీసేస్తారట. స్టూడియోలో ఫోటోకు కూర్చున్న ఒక కంట్రాక్టరు మాటల్లో చెప్పాడు. గడ్డం కొంచెం పైకెత్తమన్నాను. ఎత్తాడు. ఫోటో గాజు ప్లేటు బాగానే వచ్చింది.

సాయంత్రం దిబ్బకు, అమ్మ దగ్గరికి పోలేదు. పని ఉంది.

మార్చి 14, ఆదివారం

దిబ్బకు పోయి వచ్చాను. అందరికీ తెలిసిపోయింది. మారెమ్మ అవ్వ వాకిట్లో కూర్చొని దారిన పోయేవాళ్లందరినీ పిలిచి అదే మాట చెబుతోంది. "మా నాయన ఈడ సున్నం కాల్చినాడు. మా తాత కాల్చినాడు. ఆదోనిలో ఏ మిద్దెకు కొట్టిన సున్నమైనా ఈ దిబ్బదే. ఇప్పుడు ఈడ ఎవురూ ల్యారని రాసుకున్న్యారంట!"

సున్నం బట్టీలు నాకు బుద్ధి తెలియకముందే చల్లారాయి. అయినా దిబ్బ తెల్లగానే ఉంటుంది. గాలి వీస్తే గుమ్మాలన్నీ తెల్లబడతాయి. చిన్నప్పుడు బడికి పోతే మా కాళ్లు చూసే అందరూ చెప్పేవాళ్లు, వీళ్లు దిబ్బ పిల్లలని.

అమ్మ పత్తి జిన్నింగు మిల్లు నుండి వచ్చి స్నానం చేసి కూర్చుంది. సంకటి పెట్టింది. రోడ్డు సంగతి ఎత్తలేదు. "ఆ మిద్దె మీద రూములో ఉక్కగా ల్యాదా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. స్టూడియో పైన గది తీసుకున్నది పని కోసమే. రాత్రిపూట ప్లేట్లు కడగాలంటే అక్కడే ఉండాలి. అమ్మకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడుగుతుంది.

మార్చి 17, బుధవారం

నరసన్న, నేను తాలూకా కచేరీకి పోయాం. నరసన్న స్టేషనులో హమాలీ, దిబ్బలో మనిషికి కష్టమొస్తే ముందు నిలబడేవాడు. లక్ష్మప్ప అనే గుమాస్తా మమ్మల్ని వరండాలోకి తీసుకుపోయి మెల్లగా చెప్పాడు.

"పటంలో అది ఖాళీ జాగా. మీ ఇండ్ల కాగితాలు ఏమన్నా ఉంటే బళ్లారిలో ఉండాల. పోయిన అక్టోబరు దాకా మనమందరమూ ఆ జిల్లానే కదా. ఇప్పుడు మనం ఈపక్క, బళ్లారి మైసూరుపక్క. ఆ కాగితాలు వచ్చేలోపల రోడ్డు మీద బండ్లు తిరుగుతాయి."

"మరి మేమేం చేయాలన్నా?" అన్నాడు నరసన్న.

లక్ష్మప్ప నా వైపు చూశాడు. "నువ్వు ఫోటోలు తీసేవానివి కదప్పా. ఒక్కో ఇంటి ముందర ఆ ఇంటోల్లను నిలబెట్టి తియ్యి. రోడ్డు ఆగదు. అది మర్చిపోండి. కానీ మనుషులు ఉండారని కంటికి కనపడితే వేరే యాడన్నా జాగా ఇస్తారు."

నాకు ఇంతవరకూ తోచలేదు ఎందుకని?

మార్చి 18

వీరేశప్ప అలమార తెరిచి పాత ప్లేట్ల డబ్బాలు తీసి నా ముందు పెట్టాడు. స్టూడియో ఆయనదే, పని నేర్పిందీ ఆయనే. "డేటు దాటినాయి. కొంచెం మసకగా వస్తాయి. లెన్సు ఎక్కువ సేపు తెరువు," అన్నాడు. "స్టాండు కెమెరా తీసుకపో. దాని లెన్సు మీద గీత పడిందో, నిన్ను గీస్తా."

కళ్లు చెమర్చాయి. మందుల వాసన వల్లనే.

మార్చి 21, ఆదివారం

ఒక్క ఫోటో కూడా తీయలేదు. కెమెరా భుజాన వేసుకొని పోయేసరికి ఆడవాళ్లంతా లోపలికి పోయి తలుపులు వేసుకున్నారు.

"ఈ గుడ్డల్లోనా?" అని మారెమ్మ అవ్వ తలుపు సందులోంచి అరిచింది. "వచ్చే వారం రాపో! పుట్టి బుద్ధెరిగినంక ఒక్క ఫోటో దిగల్యా. ఇట్లనా దిగేది?"

మార్చి 28, ఆదివారం

తీశాను. స్టాండు మోసి మోసి భుజం దిగిపోయింది, అయినా ఈ రోజు సంగతి రాసుకోకుండా పడుకోలేను.

నరసన్న భార్య హనుమంతమ్మ ఎమ్మిగనూరు పిల్ల. పుట్టింట్లో ఉన్నప్పుడు కస్తూరమ్మ అనే ఆమె మగ్గాల ఇంట్లో నూలు కండెలు చుట్టేది. పెళ్లికి కస్తూరమ్మ ఒక పట్టంచు చీర నేయించి ఇచ్చింది. పెద్ద గోపురం అంచు, కొంగు నిండా జరీ పువ్వులు. దిబ్బలో అటువంటి చీర ఇంకొకటి లేదు. ఆ చీర ఇవాళ ఇల్లిల్లూ తిరిగింది.

ఒక ఇంటి ఫోటో అయిపోగానే ఆ ఇల్లాలు లోపలికి పోయి చీర విప్పి ఇచ్చేది. హనుమంతమ్మ దాన్ని మడిచి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పెట్టుకొని పక్కింటికి పోయేది. అక్కడ కుచ్చిళ్లు తనే పెట్టేది. "కొంగు ముందరికి, పువ్వులు కనపడాల!" మగవాళ్లకు చర్చి అయ్యవారి నల్లకోటు. నరసన్నకు గుండీలు పట్టలేదు, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పొట్టి కృష్ణప్పకు మోకాళ్ల దాకా వచ్చింది.

నల్లగుడ్డ కింద దూరి చూస్తే అద్దంలో అందరూ తలకిందులుగా కనపడతారు. అయినా వాళ్లు ఎంత నిండుగా ఉన్నారో! నేను పుట్టినప్పటి నుండి చూసిన మనుషులే. మారెమ్మ అవ్వ ఇంత అందగత్తె అని నాకు తెలియదు. పళ్లు లేని నోరు గట్టిగా మూసుకొని, చీర అంచును ఒక చేత్తో పట్టుకొని, సంస్థానం ఏలే మనిషిలా నిలబడింది.

అమ్మ ఇల్లు చివరిది. పాత మిల్లు చీరే ఉతికి కట్టుకొని, తల దువ్వుకొని గడప మీద కూర్చొని ఉంది. పట్టంచు చీర వద్దందట. అప్పటికి వెలుతురు పోయింది. వచ్చే ఆదివారం తీస్తానని చెప్పి వచ్చేశాను.

నిజంగానే పోయింది.

ఏప్రిల్ 2

ప్రింట్లు తీగకు ఆరేశాను. ఒక పత్తి వ్యాపారి వచ్చి చూసి, "ఎవరప్పా వీళ్లు? బాగుండారే," అన్నాడు. సున్నం దిబ్బ వాళ్లు అని చెప్పాను. "నీకు తెలిసినోల్లా?" అన్నాడు. ఫోటోలు తీయించుకున్నారు అన్నాను.

ఏప్రిల్ 5

ఉగాది పోయింది. వీరేశప్ప పంపితే కైరుప్పలలో ఏటా ఊరంతా రెండుగా చీలి ఆడే పిడకల కొట్లాట ఫోటోకు పోయి వచ్చాను. ఒక పిడక నేరుగా వచ్చి నా చెవికి తగిలింది. కెమెరా క్షేమం.

అమ్మ ఫోటో నిన్న తీయాల్సింది. పండగ కదా, స్టూడియోలో జనం.

ఏప్రిల్ 11, ఆదివారం

అమ్మ మిల్లుకు పోయిందట, ఆదివారం కూడా పని పెట్టారు. వచ్చేదాకా ఉండొచ్చు. ఉండలేదు. ఒక్క ఇల్లే కదా, ఎప్పుడైనా తీయవచ్చు.

ఏప్రిల్ 14, బుధవారం

ఫోటోలు తీసుకొని నరసన్న, నేను కచేరీలో ఆఫీసరు దగ్గరికి పోయాం. కోస్తా వైపు మనిషి, కొత్తగా వచ్చాడు. ఫోటోలు ఒక్కొక్కటే తీసి చూశాడు.

"చాలా బాగా తీశావయ్యా. నువ్వేనా?"

అవునన్నాను. సంతోషం వేసింది. ఆ సంతోషం ఇంకా లోపల ఉండగానే ఆయన అన్నాడు: "పట్టుచీరలు, జరీ కొంగులు, నల్లకోట్లు. మా ఇంట్లోనే ఇటువంటి చీర లేదు. వీళ్లకు ప్రభుత్వం ఉచితంగా స్థలాలు ఇవ్వాలా?"

ఫోటోలు నా చేతికి తిరిగి ఇచ్చాడు. నరసన్న నా ముఖం చూశాడు. ఫోటోలు సంచిలో పెట్టుకున్నాను. చెప్పే మాట నాలుక మీదే ఉంది.

ఏప్రిల్ 16, శుభ శుక్రవారం

ప్రార్థన అయ్యాక అందరినీ ఉండమని చెప్పి అడిగాను. ఇంకోసారి తీస్తాను, ఈసారి రోజూ కట్టుకునే బట్టల్లో అని.

మారెమ్మ అవ్వ లేచింది. "దినామూ ఉండేదే కదప్పా ఆ యేషం. ఆ దొర బండ్లో పోతా పోతా మమ్మల్ని సూసేది అట్లనే. కడాకు ఫోటోలో గూడా అట్లనే ఉండాల్నా?"

"అవ్వా, జాగా రావాలంటే..."

"జాగా కావాల. ఈ ఫోటో గూడా కావాల," అని పోయింది. ఒకరి వెనుక ఒకరు అందరూ పోయారు.

అమ్మ ఒక్కతే మిగిలింది. "నీకు ఏ ఫోటోలు నచ్చినాయి యేసేపూ?"

"ఇవే."

"మరి అందరూ కట్టింది ఒకే సీర అని ఆ దొరతో సెప్పినావా?"

"సెప్పల్యా."

"ఏం?"

చేతిలోని ఫోటోలు సర్దుకున్నాను.

"ఒకే సీర కట్టుకున్న్యామని మాకు సిగ్గు ల్యాదు. నీకెందుకురా?"

ఎండ మాడిపోతోంది. లేచి వచ్చేశాను.

ఏప్రిల్ 17

ఏమీ రాయాలని లేదు.

ఏప్రిల్ 18, ఈస్టరు

ఈసారి అందరూ కలిసి ఆఫీసరు దగ్గరికి పోవాలని చర్చి ముందు నిర్ణయమైంది. చీర కూడా రావాలి. కానీ హనుమంతమ్మ కాన్పుకని ఎమ్మిగనూరు పోయింది, చీర కూడా తీసుకుపోయింది. నరసన్నకు సరుకు రైళ్లు, కదలడానికి లేదు. నేను పోతానన్నాను.

ఏప్రిల్ 20, మంగళవారం

ఎమ్మిగనూరు బస్సులో దుమ్ము తప్ప గాలి లేదు. దిగి అడుగుతూ పోతే మగ్గాల చప్పుడే దారి చూపింది. కస్తూరమ్మగారి అరుగు మీద హనుమంతమ్మ నిండు కడుపుతో కూర్చొని కండెలు చుడుతోంది. పని మానలేదు.

సంగతి చెప్పాను. పక్కనే ఉన్న హనుమంతమ్మ వాళ్లమ్మ ఒప్పుకోలేదు. "సీర ఇచ్చి పంపుతాంలే నాయనా. ఈ కడుపుతో బస్సులో బిడ్డ ఎందుకు?"

"నా సీర నేను ల్యాకుండా యాడికీ పోదు," అంది హనుమంతమ్మ. "ఆ దొరతో నా సీర అని నేనే సెప్పాల. వీడు సెప్తే నమ్ముతాడా?"

నేను చెప్పలేదనే సంగతి ఆమెకు తెలియదు.

కస్తూరమ్మగారు లోపల్నుండి వచ్చి అంతా విన్నారు. కోపపడతారేమో అనుకున్నాను. తను ఒకరికి ఇచ్చిన చీర ఊరంతా కట్టింది కదా. "ఫోటోలు తెచ్చినావా అప్పా?" అని అడిగారు. అరుగు మీద పరిచాను. ఆమె వంగి, ముఖాలు కాదు, అంచు చూశారు ముందు. తర్వాత ముఖాలు.

"నేసేటప్పుడు ఈ పిల్ల ఒక్కదాన్నే అనుకున్న్యా. ఇంతమందికి నప్పిందా!" అని మారెమ్మ అవ్వ ఫోటో చేతిలోకి తీసుకొని చాలాసేపు ఉంచుకున్నారు. "ఈ ముసలామెకే అందరికన్నా బాగుంది."

వాళ్లు కూడా ఎక్కువ కాలం అక్కడ ఉండరట. నేతగాళ్లకు ఊరి బయట కొత్త ఇళ్లు లేస్తున్నాయి. "పోయేలోపల ఈ గుంత మగ్గాన్ని ఒక ఫోటో తియ్యి. మా అత్త ఈ గుంతలో కాళ్లు పెట్టి బతుకంతా నేసింది," అన్నారు. తీస్తానన్నాను.

తిరుగు బస్సులో హనుమంతమ్మ మూటను ఒడిలో పెట్టుకొని నిద్రపోయింది. గతుకు వచ్చినప్పుడల్లా నేనే ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకున్నాను.

ఏప్రిల్ 22, గురువారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఆడవాళ్లంతా మిల్లులో పూట పని వదులుకొని నేరుగా వచ్చారు. జుట్టులో పత్తి, రెప్పల మీద పత్తి. బంట్రోతు అడ్డం వస్తే మారెమ్మ అవ్వ అతని చంక కిందుగా లోపలికి పోయింది. ఆమె వెనుక అందరం.

హనుమంతమ్మ చీర కట్టుకొని మేజా ముందు నిలబడింది. కడుపు మీద కుచ్చిళ్లు నిలవలేదు, చేత్తో పట్టుకుంది. "ఇది నా సీర దొరా. మా పెండ్లికి పెట్టింది. మా దిబ్బకంతా ఇదొక్కటే."

మారెమ్మ అవ్వ నా చేతిలోని ఫోటోలు లాక్కొని తనది వెతికి, తన ముఖం పక్కన పెట్టుకుంది. "ఇది నేను. సీర ఆయమ్మది." తర్వాత ఒకరొకరుగా వచ్చి తమ ఫోటో తీసుకొని ముఖం పక్కన పెట్టుకున్నారు. ఇది నేను, సీర ఆయమ్మది. ఇది నేను, సీర ఆయమ్మది.

ఆఫీసరు ఒక ఫోటో, ఒక ముఖం, మళ్లీ ఫోటో చూస్తూ పోయాడు. చివరకు అడిగాడు, "మరి ఆ కోటు?"

"మా అయ్యవారిది సారూ," అన్నాడు నరసన్న. "ఆయన బయట ఉండాడు. ఎండలో గూడా కోటు తొడుక్కోనే వచ్చినాడు, మీరు అడుగుతారని."

ఆఫీసరుకు నవ్వు ఆగలేదు. నవ్వి, కళ్లద్దాలు తీసి తుడుచుకొని, తన కుర్చీ హనుమంతమ్మ వైపు జరిపాడు. "కూర్చోమ్మా ముందు." ఆమె కూర్చోలేదు. నిలబడే ఉంది. ఆయన కూడా నిలబడే మాట్లాడాడు. రోడ్డు ఆపలేనన్నాడు. రైలు పట్టాల అవతల స్థలం చూపిస్తానన్నాడు. "ఫోటోలు ఇక్కడే ఉంచండి. ఇందులో ఉన్న ఇళ్లన్నిటికీ ఇస్తాను."

దిబ్బలో ఇవాళ పండగ. నన్ను ఎత్తుకొని తిప్పారు. అమ్మ దూరంగా గడప మీద కూర్చొని చూస్తూ నవ్వుతోంది.

మే 2, ఆదివారం

హనుమంతమ్మకు ఎమ్మిగనూరులో ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. అమ్మ ఫోటో తీద్దామని పోయాను, దారిలో పెళ్లివారు ఎదురై లాక్కుపోయారు.

మే 6, గురువారం

లక్ష్మప్ప దిబ్బకు వచ్చి పేర్లు చదివాడు. పట్టాల అవతల హద్దురాళ్లు వేసి కొలిచిన స్థలాలు, ఒక్కో ఫోటోకు ఒకటి. పేరు వినపడగానే ఒక్కొక్కరూ కేక పెట్టారు. చివరకు లక్ష్మప్ప కాగితం మడిచాడు.

మా అమ్మ, దానమ్మ పేరు లేదు.

ముందు నాకు అర్థం కాలేదు. మారెమ్మ అవ్వకే అర్థమైంది. "దానమ్మది ఏమైంది? ఏమప్పా యేసేపూ, మీయమ్మ ఫోటో తియ్యల్యా?"

అందరూ నా వైపు తిరిగారు.

"తీసినాడు," అంది అమ్మ. "ప్లేటు పగిలిపోయింది. పాత ప్లేట్లు కదా, అట్లనే పగులుతాయంట."

మే 7, శుక్రవారం

తెల్లవారుతూనే కెమెరా తీసుకొని పోయాను. అమ్మ మిల్లు చీరలో గడప మీద కూర్చుంది. నేను నల్లగుడ్డ కింద దూరి ఎంతసేపటికీ బయటికి రాలేదు. అద్దంలో మా ఇల్లు, తెల్ల గోడ, నేను నడక నేర్చుకున్న గడప, అమ్మ.

"వెలుతురు ఉండాది కదా?" అని అడిగింది.

ఉందన్నాను. తీశాను.

ప్లేటు కడిగి, తడి ఆరకముందే ప్రింటు వేసి కచేరీకి పరిగెత్తాను. ఆఫీసరు కర్నూలు పోయాడు. లక్ష్మప్ప ఫోటో చూసి తల పట్టుకున్నాడు. "సంతకాలైపోయినాయి కదప్పా. కొలిచిన జాగా అంతే. ఆ అవతలంతా రైల్వేది. ఇన్ని దినాలు ఏం చేసినావు?"

మే 9, ఆదివారం

అమ్మను నా గదికి వచ్చేయమన్నాను. వీరేశప్ప సరేనన్నాడు.

"ఆ మిద్దె మీద నేనేం చేయాల?" అంది. "బట్టలు ఉతుక్కోను నీళ్లు ల్యావు, మాట్లాడను మనుషులు ల్యారు." తర్వాత, "నువ్వు బాధపడొద్దులే. మారెమ్మ పంచలో ఉంటా," అంది.

మే 15

ఇళ్లు తీసేస్తున్నారు. అవసరమైనవన్నీ ఎవరికి వారే విప్పుకుంటున్నారు, తలుపులు, దూలాలు, పొయ్యి రాళ్లు. మధ్యాహ్నం నుండి సాయంత్రం దాకా మిగిలిన ప్లేట్లన్నీ దిబ్బకే పెట్టాను. పైకప్పు లేని చర్చి, బట్టీ నోరు, తలుపు తీసిన గుమ్మాలు, వాటిలోంచి కొండ మీద కోట. మనుషులు లేని ఫోటోలు తీయడం ఇదే మొదలు. చూసుకోవడానికి ధైర్యం చాలలేదు, కడగకుండా పెట్టాను.

మే 16, ఆదివారం

మా ఇంటి తలుపు నేనూ నరసన్నా మోసుకొని పట్టాలు దాటాం. ఎక్కడ దించాలో తెలియక మారెమ్మ అవ్వ స్థలంలో గోడకు వేయాల్సిన మట్టి పక్కన దించాను. అమ్మ దాని మీదే కూర్చుంది.

మారెమ్మ అవ్వ నడుముకు చేతులు పెట్టుకొని హద్దురాళ్ల వరుసను కాసేపు చూసింది. పోయి నరసన్న వైపున్న తన హద్దురాయిని ఊపి పెకలించింది. పెద్ద అడుగు ఒకటి వేసి, దాన్ని తన స్థలంలోకే జరిపి పాతింది.

"అవ్వా, ఏం సేస్తాండావు?" అన్నాడు నరసన్న.

"కనపళ్యా? నాకు ఇంత జాగా ఏం సేసుకోను? నీ రాయి గూడా జరుపు."

నరసన్న ఒక్క క్షణం ఆలోచించలేదు. జరిపాడు. అతని పక్కన కృష్ణప్ప, కొట్లాటకు వస్తాడనుకున్నాను, "ఇంగ నాది గూడానా?" అని గొణుగుతూనే పార తెచ్చాడు. ఆ పక్కన వాళ్లు. ఆ పక్కన వాళ్లు. ఒక్కొక్కరూ మూరెడు, జానెడు. కొందరు తిట్టుకున్నారు, కొందరు దారం పట్టి కొలుచుకున్నారు, ఒకామె రాయి జరిపి మళ్లీ కొంచెం వెనక్కి జరుపుకుంది. పొద్దు వాలేసరికి వరుస మొత్తం జరిగింది. మారెమ్మ అవ్వకూ నరసన్నకూ నడుమ ఒక ఇంటికి సరిపడా జాగా ఉంది.

అమ్మ తలుపు మీద నుండి లేవలేదు. కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. నాకు తెలిసి ఆమె అందరి ముందూ ఏడవడం అదే మొదలు.

ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ప్లేటు సంగతి వాళ్లు నమ్మారో లేదో నాకు తెలియదు. కృష్ణప్ప పార నా చేతికి ఇచ్చి, "తొవ్వు. పునాది మేము తియ్యాల్నా?" అన్నాడు.

మే 23, ఆదివారం

చేతులు బొబ్బలెక్కాయి. కలం పట్టుకోలేను.

జూన్ 1, మంగళవారం

పడమట మబ్బు పట్టింది. గోడలు నిలువెత్తు లేచాయి. ఇవాళ దూలం ఎక్కించాం. అమ్మ పొయ్యి వేసి మొదటి వంట వండింది. మట్టి ఇంకా పచ్చిగా ఉంది, ఇల్లంతా ఆ వాసన. నాకు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"రేపు స్టూడియోకు పోతావా?"

"పొద్దున్నే పోయి, పొద్దుగూకేసరికి వస్తా."

"యాడికి?"

"ఈడికే."

అమ్మ ఇంకొంచెం సంకటి పెట్టింది.